దైవనామాలు – పరదేశి గానం

2007వ సంవత్సరం జూన్ 19వ తేదీన లండన్ నగరంలోని వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్‌లో ఒక అపూర్వమైన గానసభ జరిగింది. ఇంగ్లండు, వేల్స్ దేశాల రోమన్ కాథలిక్కులకు అది ప్రధాన దేవాలయం. ఆ సాయంకాలం అక్కడ ఒక ఏకగాయకుడు, బాలగాయకులు, పెద్దల గాయకబృందం, బి.బి.సి. సింఫనీ ఆర్కెస్ట్రా కలిసి వినిపించినది క్రైస్తవ కీర్తన కాదు. అల్లాహ్ యొక్క 99 శుభనామాలను, అనగా అస్మా-ఉల్-హుస్నాను, అరబ్బీ భాషలోనే సుమారు 70 నిమిషాల పాటు గానం చేశారు. ఆ కృతి పేరు 'ది బ్యూటిఫుల్ నేమ్స్'. స్వరకర్త సర్ జాన్ టావెనర్. దానిని వ్రాయించినవాడు అప్పటి వేల్స్ యువరాజు, నేటి బ్రిటన్ రాజు మూడవ చార్లెస్.

ఈ సంగతి విన్నవారిలో సాధారణంగా రెండు విధాల స్పందన కలుగుతుంది. కొందరు, "వాద్యాల నడుమ దైవనామాలా? ఇది అపచారం" అని చెవులు మూసుకొంటారు. మరికొందరు, "ఆహా! సర్వమత సమైక్యత ఇదే కదా" అని చప్పట్లు చరుస్తారు. మొదటివారు వినకుండానే తిరస్కరిస్తున్నారు. రెండవవారు వినకుండానే మెచ్చుకొంటున్నారు. నా దృష్టిలో ఈ ఇరువురికీ తేడా స్వల్పమే. తూర్పు దేశాల పవిత్ర సంగీతాన్ని పాశ్చాత్య బృందగానంతో మేళవించడంలో ఈ స్వరకర్త ఎక్కడ కృతకృత్యుడైనాడు, ఎక్కడ కాలేదు, అందుకు కారణమేమిటి అని విచారించడం ఉభయులకూ మేలు చేస్తుంది. రెండు భాషలను, రెండు లిపులను ఒకే కప్పు క్రింద అభ్యసిస్తున్న మన కళాశాల విద్యార్థులకు ఈ విచారణ మరింత అవసరం.

టావెనర్ 1944వ సంవత్సరం జనవరి 28వ తేదీన లండన్ శివారులోని వెంబ్లీలో జన్మించాడు. కుటుంబం ప్రెస్బిటీరియన్ శాఖకు చెందినది. తండ్రి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. తనయుడు కూడా 1961 నుండి సుమారు 14 సంవత్సరాలు కెన్సింగ్టన్‌లోని ఒక చర్చిలో ఆర్గన్ వాద్యకుడుగా పనిచేస్తూనే రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాడు. 1968లో లండన్ సింఫొనియెట్టా సంస్థ తొలి కచేరీలో ఆయన 'ది వేల్' అనే కృతి ప్రదర్శితమైంది. చేప కడుపులో చిక్కుకొన్న ప్రవక్త కథ దానికి ఆధారం. మనం హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) అని పిలుచుకొనే ప్రవక్తయే ఆయన. ఆ కృతిని 1970లో బీటిల్స్ బృందం వారి ఆపిల్ సంస్థ రికార్డుగా విడుదల చేసింది. ఇరవై ఆరేండ్ల వయసుకే కీర్తి లభించింది. అంతటితో తృప్తిపడి ఉంటే టావెనర్ ఆ దశాబ్దపు వింతలలో ఒక వింతగా మిగిలిపోయి ఉండేవాడు.

1977లో ఆయన రష్యన్ ఆర్థొడాక్స్ చర్చిలో చేరాడు. ఆయన సంగీత జీవితంలో ఇది ప్రధానమైన మలుపు. పాశ్చాత్య చర్చిలలో బృందగానం సాధారణంగా నాలుగు గొంతులుగా విడిపోతుంది. స్త్రీల లేక బాలుర హెచ్చుస్థాయి గొంతులు రెండు, పురుషుల గొంతులు రెండు. ఈ నాలుగూ నాలుగు వరుసలు పాడుతూ, ఒకదానితో ఒకటి పొసగుతూ, ఘర్షించుకొంటూ, చివరకు ఒక విశ్రాంతి స్థానాన్ని చేరుకొంటాయి. వాటికి ఆర్గన్ అండగా నిలుస్తుంది. అది ప్రయాణించే సంగీతం. బయలుదేరిన చోటు వేరు, చేరిన చోటు వేరు.

తూర్పు క్రైస్తవంలో పరంపరగా వచ్చిన బైజాంటైన్ గానరీతి ఇందుకు భిన్నమైనది. అక్కడ ప్రధానమైనది ఒకే స్వరవరుస. దాని అడుగున కొందరు గాయకులు ఒకే స్వరాన్ని అవిచ్ఛిన్నంగా నిలిపి ఉంచుతారు. దానికి ఇసోన్ అని పేరు. కర్ణాటక సంగీతం ఎరిగిన తెలుగువారికి దీనిని వివరించనక్కరలేదు. తంబురా శ్రుతి వంటిదే అది. అయితే తంత్రికి బదులుగా మానవ కంఠం. ఆ గానమంతా ఎనిమిది స్వరరీతులలో ఇమిడి ఉంటుంది. ఒక్కొక్క రీతికి తనవైన స్వరాలు, తనవైన పలుకుబళ్లు, తనకు నియతమైన వారాలు ఉంటాయి. మన రాగభావనకు ఇది దగ్గరి చుట్టమే. పరంపరాగత ఆర్థొడాక్స్ ఆరాధనలో వాద్యాలు ఉండవు. ప్రార్థనను మోయవలసినది మానవ కంఠమే. మసీదులో అజాన్, ఖిరాత్ వినే మనకు ఈ నియమంలో వింత ఏమీ కనిపించదు. మతాలు వేరైనా, వాద్యసహాయం లేని గొంతు మీద ఉంచిన విశ్వాసంలో తూర్పు చర్చి, మసీదు పొరుగిండ్ల వంటివి.

ఈ సంప్రదాయంలో స్వరకర్త సృష్టికర్త కాడు, సేవకుడు. కొత్తదనం కోసం పరుగెత్తడం అక్కడ గుణం కాదు. టావెనర్ ఈ కట్టుబాటును అంగీకరించాడు. రష్యాలో జన్మించి ఇంగ్లండులో సన్యాసినిగా జీవించిన మదర్ థెక్లా ఆయనకు అనేక కృతులకు పాఠాన్ని కూర్చి ఇచ్చింది. తూర్పు చర్చిలోని పవిత్ర చిత్రాలను ఐకాన్లు అంటారు. వాటిలో చిత్రకారుని సంతకానికి ప్రాధాన్యం లేదు. తన రచనలు ధ్వనిలో వ్రాసిన ఐకాన్లు కావాలని టావెనర్ కోరుకొన్నాడు.

ఆ క్రమశిక్షణ ఇచ్చిన ఫలం ఎటువంటిదో రెండు చిన్న కృతులు చాటుతాయి. మొదటిది 1982లో వ్రాసిన 'ది లాంబ్'. విలియం బ్లేక్ కవితకు కూర్చిన బృందగీతం. కుటుంబంలోని మూడేళ్ల పసివాని పుట్టినరోజు కోసం వ్రాసినది. ఒక గొంతు కొన్ని స్వరాల చిన్న వరుసను పాడుతుంది. రెండవ గొంతు అద్దంలో ప్రతిబింబం వలె, మొదటిది ఎంత ఎక్కితే తాను అంత దిగుతుంది. తరువాత అవే స్వరాలు చివరి నుండి మొదటికి నడుస్తాయి. లెక్క తెలియనివానికి కూడా అది జోలపాట వలె వినిపిస్తుంది. లెక్క తెలిసినవాడు అంత కొద్ది సామగ్రితో అంత పని జరగడం చూసి ఆశ్చర్యపోతాడు.

రెండవది 1993లో వ్రాసిన 'సాంగ్ ఫర్ ఎథీన్'. ఆయన కుటుంబానికి ఆప్తురాలైన ఒక యువతి సైకిలు ప్రమాదంలో మరణించగా ఆమె స్మృతికి అంకితమైన గీతమిది. షేక్స్‌పియర్ 'హామ్లెట్' నుండి, ఆర్థొడాక్స్ అంత్యక్రియల ప్రార్థన నుండి మదర్ థెక్లా పాఠాన్ని సమకూర్చింది. పురుషుల మంద్రకంఠాలు మొదటి నుండి తుది వరకు ఒకే ఆధారస్వరాన్ని వదలకుండా పట్టుకొంటాయి. దాని మీద తక్కిన గొంతులు మెల్లగా కదులుతాయి. చివరికి వస్తున్నప్పుడు గానం ఒక్కసారిగా వెలుగు వలె విప్పారి, తిరిగి ఆ మంద్రస్వరంలోకే అణగిపోతుంది. 1997 సెప్టెంబరు 6వ తేదీన వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో యువరాణి డయానా భౌతికకాయాన్ని వెలుపలికి తీసుకొనిపోతున్నప్పుడు వినిపించిన గీతమిదే. టెలివిజన్‌లో ఆ దృశ్యాన్ని చూసిన కోట్లాది ప్రజలలో ఇసోన్ అనే మాట విన్నవారు ఎందరు? అయినను ఆ నిలకడ అందరినీ తాకింది. పాశ్చాత్య బృందానికి తూర్పు శ్రుతి దొరికినప్పుడు ఏమి జరుగుతుందో ఆ కొద్ది నిమిషాలలో లోకానికి తెలిసింది.

ఇక్కడ మేళవింపు ఎట్లా జరిగిందో గమనించాలి. టావెనర్ ఆంగ్ల బృందగానానికి పైపూతగా తూర్పు అలంకారాలు అద్దలేదు. ఆ సంగీతపు నడకనే మార్చాడు. తాను పుట్టి పెరిగిన సంప్రదాయం నుండి గొంతుల శుద్ధతను, బృందశిక్షణను నిలుపుకొన్నాడు. ప్రయాణాన్ని విడిచి నిలకడను స్వీకరించాడు. కొంత వదలుకొననిదే కొంత పొందలేమని ఆయన గ్రహించాడు. వదలుకొనడానికి సిద్ధపడని కలయిక సంత వంటిది. అన్ని సరుకులూ ఉంటాయి గాని ఏదీ ఇంటిది కాదు.

కొత్త శతాబ్ది ప్రారంభంలో ఆయన చూపు మరింత విస్తరించింది. స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో జన్మించి, ఇస్లాంను స్వీకరించి, సూఫీ తరీఖాకు గురువైన ఫ్రిట్‌జాఫ్ షువాన్ (1907–1998) రచనలు ఆయనను ప్రగాఢంగా ఆకర్షించాయి. 2002లో వ్రాసిన 'లామెంట్ ఫర్ జెరూసలేం'లో యూద, క్రైస్తవ పాఠాలతో పాటు మౌలానా రూమీ మస్నవీకి స్థానం లభించింది. 2003 జూన్‌లో లండన్ టెంపుల్ చర్చిలో 'ది వెయిల్ ఆఫ్ ద టెంపుల్' రాత్రి మొదలై తెల్లవారే వరకు సుమారు 7 గంటలు సాగింది. అందులో పలు మతాల పాఠాలు, పలు భాషలు వినిపించాయి. ఆ చర్చి 12వ శతాబ్దంలో క్రూసేడ్ యుద్ధవీరులైన టెంప్లర్లు నిర్మించుకొన్నది. జెరూసలేం కోసం ఖడ్గం పట్టినవారి గోడల నడుమ పరమతాల ప్రార్థనలు ధ్వనించడం చరిత్ర విధించిన విచిత్రం. 2008లో లివర్‌పూల్‌లో ప్రదర్శితమైన 'రెక్వియం'లో కాథలిక్కుల మృతప్రార్థనతో పాటు ఇస్లాం, హిందూ మతాల వచనాలు చేరాయి. 2013 నవంబరు 12వ తేదీన టావెనర్ మరణించాడు. మరుసటి సంవత్సరం 2014లో లండన్ బార్బికన్‌లో ఆయన 'ఫ్లడ్ ఆఫ్ బ్యూటీ' వినిపించారు. శంకరాచార్యుల పేరిట తెలుగునాట ఇంటింటా పారాయణ చేసే సౌందర్యలహరియే దానికి మూలం.

ఇప్పుడు మొదటి ఆక్షేపణను పరిశీలిద్దాము. దైవనామాలను ఆర్కెస్ట్రాతో పాడవచ్చునా? శుభనామాలు అల్లాహ్‌వేనని, వాటితోనే ఆయనను పిలువవలెనని ఖురాన్‌లోని అల్ ఆరాఫ్ అధ్యాయం బోధిస్తున్నది. 99 నామాలను లెక్కించి హృదయస్థం చేసుకొనేవారికి స్వర్గప్రాప్తిని ప్రకటించే హదీసు సుప్రసిద్ధం. ఇమామ్ గజాలీ (1058–1111) ఈ నామాల అర్థాన్ని వివరించడానికే ఒక గ్రంథాన్ని వ్రాశాడు. కనుక ఈ నామాలు మనకు పాటకు దొరికిన పదాలు కావు, ఇబాదత్. ఈ విషయంలో మన పెద్దల సంకోచాన్ని నేను తేలికగా చూడను. వాద్యసంగీతం విషయంలో మన ఉలమాలో అత్యధికుల అభిప్రాయం కఠినమైనదే. సమాను ఆదరించిన సూఫీలు సైతం దానికి హద్దులు విధించారు. గజాలీయే 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో సమా గురించి విపులంగా చర్చిస్తూ, కాలం, స్థలం, తోడివారు అనే మూడు విషయాలను చూడమంటాడు.

ఆ మూడు ప్రమాణాలతోనే టావెనర్ కృతిని తూచవచ్చును. అది నమాజు వేళ కాదు, మసీదు కాదు, పాడినవారు దానిని జిక్ర్‌గా భావించుమని మనలను కోరలేదు. ఒక క్రైస్తవుడు తన మందిరంలో, తనకు చేతనైన విధంగా, తాను గౌరవించిన నామాలకు సమర్పించిన అంజలి అది. దానిని మనం ఇబాదత్‌గా స్వీకరించనక్కరలేదు. అపచారంగా ఖండించనూ అక్కరలేదు. మన ఇంటి పెద్దను పొరుగువాడు వచ్చీరాని మన భాషలో సగౌరవంగా పలుకరిస్తే, ఉచ్చారణ సరిగా లేదని వాకిలి మూస్తామా?

ఉచ్చారణ మాట వచ్చింది గనుక ఇంకొక సత్యం చెప్పాలి. గొంతు లోతుల నుండి రావలసిన 'ఐన్', 'హా' వంటి అరబ్బీ ధ్వనులు ఆంగ్లంలో లేవు. అవి తెలుగులోనూ లేవు. తజ్వీద్ నియమాలను ఉస్తాదు ఎదుట కూర్చుండి నేర్చుకొన్న విద్యార్థులు మనలో ఎందరు? 99 నామాలను ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన ఇండ్లు అనేకం. వాటిని అర్థంతో సహా చెప్పగలిగిన ఇండ్లు ఎన్ని? ఇంగ్లండు బాలగాయకులు ఆ నామాలను ఒక్క కచేరీ కోసం శ్రద్ధగా సాధన చేశారు. వారిని ఆక్షేపించే ముందు మన సాధన ఎంతో చూసుకొనడం న్యాయం.

రెండవ పక్షం వారికి కూడా నా మనవి ఒకటి ఉన్నది. పలు మతాల పాఠాలు ఒకచోట చేరినంత మాత్రాన కళ గొప్పది కాదు. టావెనర్ చివరి దశలోని దీర్ఘకృతులన్నీ 'సాంగ్ ఫర్ ఎథీన్'తో సమానమైనవని నేను భావించడం లేదు. 1977 తరువాత ఆయన సుమారు పాతిక సంవత్సరాలు తూర్పు చర్చి ప్రార్థనాక్రమంలో జీవించాడు. అందుకే ఆ కాలపు చిన్న గీతాలలో ఒక్క స్వరం కూడా అరువుదిగా తోచదు. కాని అరబ్బీ ఖిరాత్‌తో, సంస్కృత స్తోత్రపఠనంతో అటువంటి దీర్ఘసహవాసం ఆయనకు లేదు. అందువలన చివరి కృతులలో మతాల పేర్లు పెరిగినకొద్దీ ఒక్కొక్క దానితో పరిచయం పలుచబడినట్లు తోస్తుంది. 'ది బ్యూటిఫుల్ నేమ్స్' నిలబడుతున్నదంటే, అది ఆయన నామాలను అనువదించకుండా, వాటి ధ్వనినే ఆధారం చేసుకొన్నందువల్ల. ఆంగ్లేయుడైన గుస్తావ్ హోల్‌స్ట్ 1908–1912 మధ్య ఋగ్వేద సూక్తాలకు బృందగానం కూర్చినప్పుడు, తాను సంస్కృతం అభ్యసించి వాటిని ఆంగ్లంలోకి మార్చుకొన్నాడు. హోల్‌స్ట్ అర్థాన్ని తన ఇంటికి తెచ్చుకొన్నాడు. టావెనర్ ధ్వని ఉన్న ఇంటికి తాను వెళ్లాడు. రెండూ గౌరవప్రదమైన మార్గాలే. రెండింటికీ శ్రమ తప్పలేదు.

టావెనర్ అభిమానించిన షువాన్ సైతం మతాలన్నీ పైపైన ఒకటే అని బోధించలేదు. వాటి ఏకత్వం శిఖరం వద్ద. దానిని చేరగోరువాడు తన మార్గంలో తాను నిష్ఠగా నడవాలని ఆయన బోధసారం. కొండ దిగువన నాలుగు దారుల్లో నాలుగేసి అడుగులు వేసి వచ్చినవాడు ఏ దారినీ ఎక్కినవాడు కాడు.

దీనికి నిదర్శనం మన నేలలోనే ఉన్నది. ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వర విద్వాంసుడు. తంజావూరు బాణీ మీద మక్కువతో ఆ ప్రాంతపు గురువుల వద్ద శుశ్రూష చేసి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథస్వామి సన్నిధిలో నాదార్చన చేశాడు. 1998లో సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించింది. ముస్లిముగా జీవిస్తూనే మరొకరి పవిత్ర సంగీతంలో అంతటి గౌరవం పొందడానికి ఆయన ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఒక జీవితకాలం వాయించాడు. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యాన్ని వశపరచుకొన్న తీరు కూడా అటువంటిదే. పారశీకం ఎరిగినవాడు కనుక తెలుగు ఛందస్సుకు రాయితీ కోరలేదు. గణాలు, యతిప్రాసలు అందరితో సమానంగా పాటించాడు.

ఇక మన కళాశాల సంగతి. వార్షికోత్సవాలలో సర్వమత ప్రార్థన పేరిట మూడు మతాల నుండి మూడు గీతాలు, మూడేసి నిమిషాలు వినిపించడం మనవంటి విద్యాసంస్థలన్నిటా ఆచారమైంది. ఉద్దేశం మంచిదే. కాని వారం రోజుల ముందు కాగితం మీద వ్రాసుకొని, అర్థం తెలియక, శ్రుతి కుదరక పాడిన గీతం ఎవరి మతాన్ని గౌరవించినట్లు? నాతును తప్పుగా పలికితే నాతుకు అవమానం. పద్యాన్ని యతి దగ్గర విరిస్తే పద్యానికి అవమానం. మూడింటినీ అరకొరగా అప్పజెప్పడం సమైక్యత కాదు. మూడింటి పట్ల సమానమైన ఉదాసీనత.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఏటా మూడు గీతాలకు బదులు ఒక్కదానినే ఎంచుకొని, దానిని ఎరిగిన ఉస్తాదునో, గురువునో పిలిపించి, జూలై నుండి ఫిబ్రవరి దాకా నేర్పించండి. ఒక యేడు ఖిరాత్, ఒక యేడు పోతన పద్యం, ఒక యేడు క్రైస్తవ బృందగానం. నెలకొక సాయంకాలం గ్రంథాలయంలో శ్రవణసభ ఏర్పాటు చేసి, టావెనర్ గీతాన్ని, చినమౌలానా నాదస్వరాన్ని, మంచి ఖారీ పఠనాన్ని ప్రక్కప్రక్కన వినిపించండి. దీనికి కావలసిన వ్యయం స్వల్పం. కావలసిన ఓపిక అధికం.

విద్యార్థి మిత్రులారా, మీలో ఉర్దూ విభాగం వారు తెలుగును పరీక్ష కోసం, తెలుగు విభాగం వారు ఉర్దూను ముషాయరా చప్పట్ల కోసం మాత్రమే ఎరిగి ఉండటం న్యాయం కాదు. అయితే ముందుగా ఎవరి భాషను వారు పునాది దాకా నేర్చుకొనండి. అటుపిమ్మట రెండవదాని వద్దకు శిష్యులుగా వెళ్లండి. వెంబ్లీలో పుట్టినవాడు తన ముప్పది మూడవ యేట మరొక సంప్రదాయపు ఒడిలో శిష్యుడుగా కూర్చుండి, తరువాత పాతిక యేండ్లు దాటాక మన దైవనామాల వద్దకు రాగలిగాడు. తన ఇంట శ్రుతి నిలుపుకొన్నవాడే పొరుగింట అపశ్రుతి పలుకకుండా ఉండగలడు. ఆ శ్రుతి మనకు కుదిరిన నాడు మన వార్షికోత్సవంలో ఒక్క గీతమే వినిపించినా సభికులు మూడు మతాల వారూ తలలూపుతారు.